వెనక మెట్ల దారి

దయ్యం పట్టిందని ఎవరైనా చెబితే నేను చెప్పే మందు ఒకటే: కడుపు నిండా తిండి, కంటి నిండా నిద్ర. అనంతపురంలో మా చుట్టాల మధ్య నాకు మొండివాడని పేరు. అమావాస్య నాడు ప్రయాణాలు పెట్టుకున్నాను. వర్జ్యం చూసి ఇంట్లోంచి కదిలిన జ్ఞాపకం లేదు. చదివింది కంప్యూటర్లు, చేసింది ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునే ఉద్యోగం. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని నమ్మే మనిషిని. ఇవాళ్టికీ అలాగే ఉన్నాను.

అయినా ఇది రాస్తున్నాను. ఆ రోజు నాకు భయం వెయ్యలేదు, ముందే చెబుతున్నాను. సిగ్గు వేసింది. మనిషిని నిలువునా కుంగదీసే సిగ్గు. అది ఎవరి సిగ్గో నాకు ఇంతవరకూ తెలియదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళని ఏ దేశమైనా రమ్మని పిలుస్తున్న కాలం అది. నేను సింగపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేసేవాణ్ణి. మాది సెరంగూన్‌లో అద్దె ఫ్లాట్. నాకూ మా ఆవిడ వసుంధరకూ పెళ్ళయి ఎక్కువ కాలం కాలేదు, పిల్లల్లేరు. మా కంపెనీ ఓడల వ్యాపారులకు ప్రోగ్రాములు రాసేది. ఏ ఓడలో ఎవరు పని చేస్తున్నారు, ఎవరు ఏ రేవులో దిగాలి, అలాంటి లెక్కలు. మాకు గ్రీసులో ఒక పెద్ద ఖాతాదారు ఉండేవాడు. కొత్త ప్రోగ్రాం పెట్టి రమ్మని నన్ను ఏథెన్స్ పక్కనున్న రేవుపట్నానికి పంపించారు. వసు కూడా వచ్చింది. టికెట్ మేమే కొనుక్కున్నాం.

పని అనుకున్నదానికంటే బాగా జరిగింది. ఆ కంపెనీ పెద్దాయన సంతోషపడి, మేము తిరిగి వచ్చేలోపు ఒక దీవి చూసి రావాలని పట్టుబట్టాడు. అక్కడ మా ఇద్దరికోసమే ఒక గైడును మాట్లాడాడు. ఆవిడ ఊరంతా కాలినడకన తిప్పి చూపిస్తుందన్నాడు. దీవి పేరు రాయను. చిన్న ఊరు. ఆ ఇంటివాళ్ళు ఇంకా అక్కడే ఉండి ఉంటారు.

ఒక విషయం చెప్పాలి. ఆ దీవి గురించి నేను అంతకుముందు ఒక్క ముక్క కూడా చదవలేదు. ఇంటర్నెట్‌లో ఒక్క బొమ్మ తెరుచుకోవాలంటే టీ తాగి వచ్చేంత సేపు పట్టే రోజులవి. సముద్రమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టమూ లేదు. మాది కరువు సీమ. సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది మద్రాసులో, ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు. ఈత రాదు. మందు ముట్టను. ఆ ఉదయం రెండు రొట్టె ముక్కలు తిని, అడుగున మడ్డి మిగిలే వాళ్ళ కాఫీ తాగాను, అంతే.

గైడు పేరు ఇరీని. యాభై దాటిన మనిషి, బడిలో ఇంగ్లీషు చెప్పి మానేసిందట. పడవ దిగగానే మమ్మల్ని గుర్తుపట్టి నవ్వుతూ ఎదురొచ్చింది. దిగినవాళ్ళలో మా రంగువాళ్ళం మేమిద్దరమేలెండి.

రేవు చుట్టూ అర్ధచంద్రాకారంలో ఇళ్ళు. వాటి వెనక కొండ, కొండ మీద ఇంకా ఇళ్ళు. రేవు ఒడ్డునే పెద్ద వీధి. కాఫీ కొట్ల ముందు ముసలివాళ్ళు కుర్చీలు వేసుకుని, వేళ్ళ మధ్య పూసల దండలు తిప్పుకుంటూ కూర్చున్నారు. పండగ దగ్గర పడిందని ఊరంతా మెట్ల అంచులకూ గోడలకూ సున్నం వేస్తున్నారు. కొట్ల నిండా స్నానానికి వాడే సముద్రపు స్పాంజీలు, బుట్టల్లో పోసి అమ్ముతున్నారు. ఒకప్పుడు ఆ ఊరి మగవాళ్ళంతా సముద్రం అడుగుకు దిగి వాటిని కోసుకొచ్చేవాళ్ళని ఇరీని చెప్పింది. నెలల తరబడి ఆఫ్రికా ఒడ్డుదాకా పోయేవాళ్ళట. పోయినవాళ్ళందరూ తిరిగి వచ్చేవాళ్ళు కాదట.

నేను మామూలుగానే వింటున్నాను. వసు ఒక చిన్న స్పాంజీని బేరమాడుతోంది.

ఆ వీధిలో కాస్త దూరం నడిచామో లేదో, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మొదట ఎండ అనుకున్నాను. తర్వాత ప్యాంటు జిప్పు పెట్టుకోలేదేమోనని చూసుకున్నాను. అది బాగానే ఉంది. చొక్కా మీద మరకా లేదు. అయినా ఆ కాఫీ కొట్ల ముందున్న ప్రతి మనిషీ నన్నే చూస్తున్నాడనిపించింది. వాళ్ళు చూడటం లేదు. ఓరకంట గమనించాను, ఎవరి కబుర్లలో వాళ్ళున్నారు. అది తెలిసి కూడా చెవులు వేడెక్కిపోయాయి. చిన్నప్పుడు బళ్ళో అయ్యవారు అందరి ముందూ నిలబెడితే ఎలా ఉంటుందో, సరిగ్గా అదే. కాకపోతే అప్పుడు చేసిన పని తెలుసు.

నేను వీధి వదిలేశాను.

ఎందుకు వదిలానో చెప్పలేను. రెండు కొట్ల మధ్య ఒక సందు ఉంది. మనిషి భుజాలు పట్టేంత వెడల్పు. పై నుంచి ఎవరివో బట్టలు ఆరేసి ఉన్నాయి. అక్కడొక దారి ఉందని వీధిలోంచి చూస్తే తెలియదు. నేను అందులోకి తిరిగి, చివర ఎడమకు మళ్ళి, మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. వెనక నుంచి వసు గొంతు వినిపించింది.

“ఏమండీ! యాడికి పోతాండారు? ఆమె ఇటు పిలుస్తాంటే!”

నేను ఆగలేదు. గోడ వారగా, కుడిచెయ్యి గోడకు ఆనించి, తల దించుకుని ఎక్కుతున్నాను. సున్నం ఇంకా తడిగా ఉంది, అరచెయ్యి అంతా తెల్లగా అయింది. మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నా నా కాలు ఎక్కడా తడబడలేదు. ఒక చోట ఒక మెట్టు సగం విరిగి ఉంటే, చూడకుండానే దాన్ని దాటి పైమెట్టు మీద కాలు వేశాను. దాటిన తర్వాత తెలిసింది, దాటానని.

వసు ఇదంతా నేను ఆట పట్టిస్తున్నాననుకుంది. నవ్వుతూ వెనక నుంచి ఒక ఫోటో కూడా తీసింది. ఇరీని మాత్రం నవ్వలేదు. ఆయాసపడుతూ వచ్చి, “ఈ దారి మీకెవరు చెప్పారు?” అని ఇంగ్లీషులో అడిగింది.

ఎవరూ చెప్పలేదన్నాను.

“ఈ దారిలో ఎవరూ నడవరు. పైన ఒకే ఇల్లు. పదండి, కిందికి పోదాం” అంది.

నేను కిందికి రాలేకపోయాను. కిందికి వస్తే ఆ వీధి దాటాలి.

మెట్ల చివర నీలం తలుపున్న ఒక చిన్న ఇల్లు. ముందు ఒక ముసలావిడ ముక్కాలిపీట మీద కూర్చుని ఏదో ఆకుకూర బాగు చేస్తోంది. నల్లబట్టలు, నెత్తిన నల్లగుడ్డ. ఎనభై దాటి ఉంటుంది. అడుగుల చప్పుడుకు తలెత్తి నన్ను చూసింది. ముఖం కంటే ముందు గోడ మీదున్న నా చెయ్యి చూసింది. నా వెనక ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారని కూడా గమనించలేదనుకుంటాను.

ఆకుకూర పక్కన పెట్టి లేచింది. కోపంగా ఏదో అంది. కొట్టే కోపం కాదు అది. ఆలస్యంగా ఇంటికి వచ్చినవాణ్ణి ఇంట్లోవాళ్ళు కోప్పడతారే, ఆ కోపం. నేను తల దించుకునే ఉన్నాను. ఆవిడ మళ్ళీ ఏదో అడిగింది. ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు సరిగా గుర్తు లేదు. ఎండ తెల్లగా ఉండటం, ఎక్కడో గంట మోగడం, అంతవరకే గుర్తు. మళ్ళీ చూసేసరికి ఆవిడ నా జబ్బ పట్టుకుని ఉంది. ఇరీని ముఖం పాలిపోయి ఉంది.

“ఏమంటున్నారావిడ?” అని వసు అడిగింది.

ఇరీని మొదట చెప్పలేదు. “థియాకి వయసయింది, పట్టించుకోవద్దు” అంది. థియా అంటే అత్తా పిన్నీ లాంటి పిలుపట. వసు వదల్లేదు. చివరికి ఇరీని నావైపు చూడకుండా చెప్పింది. “ఎన్నాళ్ళు ఈ వెనక దారిన వస్తావు అని అడుగుతోంది. ముందు దారి ఎవరూ మూసెయ్యలేదు, నాతో పాటు రా అంటోంది.”

ఆవిడ నన్ను నడిపించుకుని బయల్దేరింది. ఇంటి అవతలి పక్క నుంచి రేవు వీధికి దిగే మంచి వెడల్పాటి మెట్లున్నాయి. ఆ వయసులో ఆవిడ పట్టు ఎంత గట్టిదో చెబితే నమ్మరు. పిల్లవాడిలా వెంట నడిచాను. మెట్లు సగం దిగేసరికి రేవు కనిపించింది, కాఫీ కొట్లు కనిపించాయి. కింద ఒకరిద్దరు ముసలివాళ్ళు తలలు పైకెత్తారు. ఈసారి నిజంగానే చూశారు. మాటలు ఆగిపోయాయి.

నా కాళ్ళు ఆగిపోయాయి. ఆవిడ లాగింది. నేను జబ్బ విడిపించుకున్నాను. విదిలించుకున్నాను అంటే నిజం. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పైకెక్కి, ఆ వెనక మెట్లు దిగి, కొట్ల వెనక సందుల్లోంచి పడవ ఆగే చోటికి వెళ్ళిపోయాను. తర్వాతి పడవ వచ్చేదాకా టికెట్లమ్మే గది వెనక, గోడకేసి తిరిగి నిలబడ్డాను. మా ఆవిడ ముందు, ముక్కూ ముఖం తెలియని మనుషుల ముందు, ఒక పెద్దావిడని నడిమెట్ల మీద వదిలేసి.

పడవ ఎక్కే ముందు ఇరీని మా దగ్గరికి వచ్చి ఆ ముసలావిడ సంగతి కొంత చెప్పింది. ఆవిడకు ఒక అన్న ఉండేవాడట. ఆ అన్న వెళ్ళిన స్పాంజీల పడవ ఆఫ్రికా ఒడ్డున మునిగిపోయింది. అతనొక్కడే తిరిగి వచ్చాడు. రేవు వీధి నిండా చనిపోయినవాళ్ళ ఇళ్ళే. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదట. అయినా అతను ఆ వీధిలో మళ్ళీ నడవలేదు. ఎండైనా వానైనా వెనక మెట్ల మీదే, గోడ పట్టుకుని, తల దించుకుని. కొన్నేళ్ళకు ఏదో ఓడెక్కి పోయాడు. మళ్ళీ కబురు లేదు. అప్పటికి థియా ఇంకా చిన్నపిల్ల.

“పడవ మీద ఏం జరిగిందో ఎవరికీ తెలియదా?” అని వసు అడిగింది.

“అతను చెప్పలేదు” అంది ఇరీని. నా ముఖంలోకి అప్పుడు మాత్రం సూటిగా చూసింది. నేను కళ్ళు తిప్పుకున్నాను.

దీవితో పాటే ఇదీ వెనకపడిపోతుందనుకున్నాను. పోలేదు. నాతో పాటు సింగపూర్ వచ్చింది.

మా బ్లాకు కింద రాతిబల్ల దగ్గర చైనా అంకుల్స్ రోజూ సాయంత్రం చదరంగం ఆడేవాళ్ళు. వాళ్ళ ముందు నుంచి నడవలేకపోయేవాణ్ణి. లిఫ్ట్ వదిలేసి బ్లాకు చివరున్న మెట్లు ఎక్కేవాణ్ణి. ఒక రోజు వాళ్ళలో ఒకాయన పట్టుకుని అడిగాడు: “వై ఎవ్రీడే క్లైంబ్ స్టెయిర్స్? లిఫ్ట్ స్పాయిల్ ఆ?” ఆయన వేళాకోళం కూడా చెయ్యలేదు పాపం. నేను మాత్రం దొంగతనం చేస్తూ దొరికినట్టు చెమటలు పట్టి పైకి పరిగెత్తాను.

ఆఫీసులో మీటింగ్ అంటే వెనక కుర్చీ. లిటిల్ ఇండియాకు సరుకులకు వెళ్తే పెద్ద రోడ్డు వదిలి, హోటళ్ళవాళ్ళు గిన్నెలు తోముకునే వెనక సందుల్లోంచి నడిచేవాణ్ణి. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రక్తం, బీపీ, అన్నీ బాగున్నాయి. పని ఒత్తిడి, సెలవు పెట్టు అన్నాడు. సెలవు పెట్టి వెళ్ళిన చోటే ఇది తగులుకుందని ఆయనకు ఎలా చెప్పను?

ఒకసారి తెలుగువాళ్ళమంతా కలిసిన భోజనాల్లో వసు తీసిన ఫోటో బయటపడింది. మెట్ల మీద గోడ పట్టుకుని వంగి ఎక్కుతున్న నా వీపు. “ఎవరీ ముసలాయన?” అని ఒక స్నేహితుడు అడిగాడు. నేనేనని వసు చెబితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ ఫోటో చించి పారేశాను. వసు చూసింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె నన్ను సెరంగూన్ రోడ్డుకు లాక్కుపోయింది. ఆదివారం సాయంత్రం అక్కడ ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. సెలవు దొరికిన కూలీ పని కుర్రాళ్ళు వేలమంది, పేవ్‌మెంట్ నిండా, గడ్డి నిండా. బస్సు దిగగానే నా అడుగులు సందువైపు మళ్ళాయి. వసు నా చెయ్యి పట్టుకుంది.

“తల ఎత్తండి. మీరేం చేసినారని?”

“నేనేం చెయ్యలేదు వసూ.”

“మళ్ళ నడవండి.”

ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూనే నన్ను ఆ జనం మధ్య నుంచి, ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిపించింది. భుజాలు రాసుకుంటున్నాయి. ఒక ఫోన్ కార్డుల కొట్టు దగ్గర కడప యాస కుర్రాడొకడు మా మాటలు విని నవ్వుతూ అడ్డం వచ్చాడు.

“అన్నా, తెలుగోళ్ళా? యా ఊరన్నా మీది?”

తలెత్తి చూశాను. “అనంతపురం” అన్నాను. గ్రీసు నుంచి వచ్చాక ఒక మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడటం అదే మొదలు. వాడు సంతోషంగా నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. వాళ్ళ మేనమామది ధర్మవరమట.

ఆ రోజుతో అంతా తీరిపోయిందని చెప్పను. మెల్లగా తగ్గింది. వసు నడిపించడం వల్లనో, కాలం వల్లనో, నాకు తెలియదు. ఒకనాడు లిఫ్ట్‌లో పైకి వచ్చి, తలుపు తాళం తీస్తుంటే గుర్తొచ్చింది, లిఫ్ట్ ఎక్కానని.

ఇప్పుడు మేము సింగపూర్‌లోనే, పుంగ్గోల్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి ఆ సంగతులేవీ తెలియవు. ఈమధ్య భోజనాల దగ్గర, “నాన్నా, ఈసారి గ్రీస్ పోదాం లా. మై ఫ్రెండ్స్ ఆల్ వెంట్” అని ఇక్కడి యాసలో అంది. నేను పెరుగన్నం కలుపుకోవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల లేచి వెళ్ళాక, గిన్నెలు సర్దుతూ వసు అడిగింది.

“ఆ పొద్దు ఆ ముసలామెకు మీరేం చెప్పినారు?”

“నేనేం చెప్పాను? నాకు వాళ్ళ భాష రాదు కదా.”

వసు గిన్నె కింద పెట్టింది. “ఆమె అడిగింది. మీరు జవాబు చెప్పినారు” అంది. “రెండు మూడు మాటలే. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. ఆమె గమ్మున విని, అప్పుడు మీ జబ్బ పట్టుకునింది. ఆ ఇరీని పక్కకు తిరుక్కునింది. పడవ దగ్గర ఆమెను అడిగితే, నాకు సరిగా వినపడలేదు అనింది. మీ ఇద్దరికీ నడుమ నిలబడినామె!”

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“చెప్పింటే మీరు తలెత్తుకుని తిరిగేవాళ్ళా?”

ఎండదెబ్బ అని కొన్నాళ్ళు అనుకున్నాను. ఎక్కడో చదివి మరిచిపోయి ఉంటానని కొన్నాళ్ళు. చూడకుండా దాటిన విరిగిన మెట్టుకు ఆ రెండూ సరిపోవు. వసు చెప్పినదానికి అసలే సరిపోవు. వసు అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆ అన్న తరఫున క్షమించమని అడిగానా, నన్నొదిలెయ్యమన్నానా, లేక ఆ పడవ మీద జరిగింది, ఎవరికీ చెప్పుకోలేనిది, నా నోటితో ఒప్పుకున్నానా? ఒప్పుకున్నది విని కూడా ఆవిడ ముందు దారిన రమ్మందా? అలాగైతే నేను విదిలించుకున్నది ఎవరి చెయ్యి?

ఆ శబ్దాలు తనకు ఇంకా గుర్తున్నాయని వసు అంటుంది. సింగపూర్‌లో గ్రీకు తెలిసినవాళ్ళు లేకపోలేదు, అడిగితే అర్థం ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కానీ ఆ మాటలు ఒక్కసారి పలకమని మా ఆవిడను అడగడానికి నాకు నోరు రావడం లేదు.